పాత బాబ్‌క్యాట్‌కి గుజరీలో దొరికిన కప్లర్

మా పాలిష్ యూనిట్లో పాత స్కిడ్ స్టీర్ లోడర్ (ముందున్న బకెట్‌తో ఎత్తి పోసే చిన్న బండి) ఒకటుంది. ఏ కంపెనీదైనా సరే తాడిపత్రిలో దాన్ని బాబ్‌క్యాట్ అనే అంటారు, నేనూ అదే అంటాను. బండలు కోసి పాలిష్ పట్టగా వచ్చే బురదను తొట్టి దగ్గర ఎత్తి ట్రాక్టర్‌లో పోయడమే దాని పని. బకెట్ నేరుగా దాన్ని ఎత్తే ఆర్ములకే పిన్నులతో బిగించి ఉండేది, కప్లర్ (బకెట్టో ఫోర్కులో మార్చి మార్చి తగిలించుకునే మధ్య ఫ్రేము) లేదు. రెండేళ్ల కిందట ఫోర్కుల ఫ్రేము ఒకటి చవగ్గా వస్తే, కప్లర్ లేకుండా అది తగలదని తెలిసి కూడా కొన్నాను. అప్పటి నుంచి షెడ్డు వెనక పడి ఉంది. మా బావ వచ్చినప్పుడల్లా దాన్ని చూసి నవ్వేవాడు.

మొన్న ఎర్రగుంట్ల వైపు ఒక గుజరీలో, విప్పేసిన బండి తాలూకు కప్లర్ కనబడింది. బేరమాడి 18 వేలకు ఇంటికి తెచ్చాను. వెల్డర్ అన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, "యాడ పట్టినావప్పా దీన్ని? మన బండిదేనా?" అన్నాడు. కప్లర్లన్నీ ఒకటే కదన్నా అన్నాను. సగం నిజమే. బకెట్టూ ఫోర్కులూ తగులుకునే ముందు వైపుకి ఐఎస్ఓ 24410 అని ఒక ప్రమాణం ఉంది. పైన వాలుగా ఉండే అంచు, కింద రెండు గాళ్లలోకి దిగే లాక్ పిన్నులు, వాటి కొలతలు అన్నీ అందులో ఉంటాయి, అందుకే ఒక కంపెనీ ఫోర్కులు ఇంకో కంపెనీ బండికి తగులుతాయి. ఆర్ములకు తగులుకునే వెనక వైపుకి మాత్రం అలాంటిదేమీ లేదు, ఎవరి లెక్క వాళ్లది. పిన్ను లావు, అది దూరే రంధ్రాలున్న రెండు పలకల, అంటే చెవుల, మధ్య దూరం, బకెట్‌ను వంచే టిల్ట్ సిలిండర్ ఎక్కడ తగలాలి అన్నవి బండి బండికీ మారిపోతాయి. నా డబ్బులూ టైమూ అన్నీ ఆ వెనక వైపే పోయాయి.

ముందు పగుళ్లు చూశాం. సిమెంటు ఫ్యాక్టరీల్లో ఎర్ర రంగు స్ప్రేతో డై చెక్ చేస్తారు, మా దగ్గర అది లేదు. వెల్డర్ అన్న చెవుల మొదళ్లలో పెయింట్ గీకేసి, డీజిల్ పూసి, ఒక గంట ఆగి పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. మా ఇంట్లోంచి ముగ్గుపిండి తెప్పించి పలచగా చల్లాడు. పగులుంటే లోపల దాగిన డీజిల్ పైకి ఊరి తెల్లటి పిండి మీద గీతలా కనబడుతుంది. ఎడమ చెవి మొదట్లో బొటనవేలంత గీత తేలింది. దాన్ని గ్రైండర్‌తో వి ఆకారంలో అడుగుదాకా తవ్వి మళ్లీ నింపాడు. అది చూడకుండా బిగించి ఉంటే ఏదో ఒక రోజు బండల లోడుతో సహా ఊడిపడేది.

తర్వాత లేత్ పని. మా ఆర్ముల పిన్నులు 38 ఎంఎం, కప్లర్ చెవుల రంధ్రాలు 45, అవీ కోడిగుడ్డులా సాగిపోయి ఉన్నాయి. లేత్ తాత వాటిని 52కి గుండ్రంగా బోరింగ్ చేసి, లోపలికి బుష్‌లు (తొడుగుల్లాంటి గొట్టం ముక్కలు) కొట్టిచ్చాడు. పిన్నులు ఈఎన్ 8 అనే రకం స్టీలు షాఫ్ట్‌తో కొత్తవే చేయించాను. చెవుల మధ్య దూరం కూడా మాకు ఒక్కోవైపు 12 ఎంఎం తక్కువ వచ్చింది, వాషర్లతో సర్దే తేడా కాదు, చెవులు కోసి జరిపి వెల్డ్ చెయ్యాల్సిందే. రెండు వైపుల రంధ్రాలూ ఒకే గీతలో లేకపోతే పిన్ను ఎక్కదు, ఎక్కినా బుష్‌ను తినేస్తుంది కాబట్టి రెండింటిలోంచీ ఒకటే పొడుగు షాఫ్ట్ దూర్చి, అది అలా ఉండగానే కొంచెం ఇటు కొంచెం అటు మార్చి మార్చి వెల్డ్ చేశాం. వేడికి లోహం లాగేసి చివరికి షాఫ్ట్ బిగుసుకుపోయింది, దాన్ని బయటికి తియ్యడానికి సమ్మెటతో అరగంట పట్టింది, అది వేరే కథ.

వెల్డింగ్ రాడ్లు 7018 రకం. అవి తేమ పడితే వెల్డ్‌లోకి హైడ్రోజన్ వెళ్లి తర్వాత పగుళ్లిస్తుంది. మా డబ్బా తెరిచి చాలా రోజులైంది. ఎండలో పెడదామన్నాను. మన ఎండ ఎంత మండినా 43, 44, రాడ్లకు కావాల్సింది 300 పైన, అని వెల్డర్ అన్న కొత్త డబ్బా తెప్పించాడు. బండి మీద వెల్డ్ చేసినప్పుడల్లా బ్యాటరీ వైర్లు విప్పి, ఎర్త్ క్లాంపు వెల్డ్ పక్కనే పెట్టుకున్నాం, కరెంటు పిన్నుల్లోంచో బేరింగుల్లోంచో పోకుండా. ఆర్ములు పైకెత్తి పని చేసినంతసేపూ లిఫ్ట్ సిలిండర్ రాడ్డు మీద, నిలువుగా కోసిన లావుపాటి పైపు ముక్క తొడిగే ఉంచాం. హైడ్రాలిక్‌ని నమ్మి ఆర్ము కింద తల పెట్టేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అన్నీ కొలిచాననే అనుకున్నాను, ఒకటి మర్చిపోయాను. పాత బకెట్‌కి వెనక చెవులు కోసేసి, కప్లర్‌కి తగిలే ప్లేటు వెల్డ్ చేసి, సంబరంగా బురదలోకి దింపాను. బకెట్ నిండింది, వెనక్కి మడవబోతే సగంలోనే ఆగిపోయింది. లివర్ ఎంత లాగినా అంతే. రివర్స్‌లో వస్తుంటే బురదంతా ముందు టైర్ల మీదికి జారింది. తొట్టి దగ్గర నుంచి ట్రాక్టర్ దాకా తెల్లటి చార. పోసేటప్పుడు కూడా పూర్తిగా వంగలేదు, అడుగున పట్టిన బురద అలాగే ఉంది.

"ఆర్ము పిన్నుకీ టిల్ట్ సిలిండర్ పిన్నుకీ ఎంత దూరముండె పాతదానికి?" అన్నాడు వెల్డర్ అన్న. నేను నోరు మెదపలేదు. కప్లర్ మీద ఆ దూరం 290 ఎంఎం ఉంది. సిలిండర్ సాగేది ఎప్పుడూ అంతే, దాన్ని దూరంగా తగిలిస్తే బలం పెరుగుతుంది కానీ తిరిగే కోణం తగ్గిపోతుంది. పాత కొలత తియ్యకుండానే చెవులు కోసేశాను. అదృష్టం, ఆ ముక్కలింకా గుజరీకి వెయ్యలేదు. ఏరుకొచ్చి కొలిస్తే 235. బకెట్‌ని పాలిష్ పట్టిన బండ మీద పెట్టి (సమతలానికి మా దగ్గర కొదవ లేదు), గ్యాస్ కట్ గీతలు చూసుకుంటూ చింపిన నోటు అతికించినట్టు ముక్కల్ని వాటి చోట్లో నిలబెట్టి, ఫ్రిజ్ పెట్టె అట్టతో మోడల్ కోసుకున్నాం. ఆ అట్ట ప్రకారం సిలిండర్ చెవుల్ని ఐదున్నర సెంటీమీటర్లు కిందికి దించాం. ఒక రోజూ, ఒక డబ్బా రాడ్లూ, వెల్డర్ అన్న మాటలూ అదనం. తిట్లు అనను, పెద్దవాడు.

ఇప్పుడు బకెట్ పూర్తిగా వెనక్కి ముడుచుకుంటోంది, పూర్తిగా వంగుతోంది. కాకపోతే లోడు తగ్గించుకోవాల్సి వచ్చింది. టైర్ల బండికి, ముందుకు బోల్తా పడే బరువులో సగమే మోయమని కంపెనీలు చెప్తాయి. కప్లర్ బరువు కొత్తగా చేరింది, పైగా బకెట్ ఒక జానెడు ముందుకు జరిగింది, ఫోర్కుల మీద బరువు ఇంకా ముందుకు పోతుంది. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న మా బండ ఒక్కోటి సుమారు 25 కిలోలు. పన్నెండు పెడితేనే మూడు క్వింటాళ్లు, అక్కడితో ఆపమని డ్రైవర్‌కి చెప్పాను. మొదటి రోజు 24 పెట్టి ఎత్తితే వెనక టైర్లు లేచాయి.

అటాచ్‌మెంట్ మార్చిన ప్రతిసారీ చేసే పని ఒకటుంది. కప్లర్ మీది లాక్ లివర్లు కిందికి నొక్కాక బకెట్ మూతిని నేలకు ఆనించి ముందు టైర్లు కాస్త లేచేదాకా ఒత్తాలి. ఆ తర్వాత బండి ఆఫ్ చేసి దిగి, లాక్ పిన్నుల మొనలు గాళ్లలోంచి కిందికి బయటపడ్డాయో లేదో వంగి చూడాలి. లివర్ పడింది కదా అనుకుంటే కుదరదు, మధ్యలో రాయి ముక్క ఇరుక్కున్నా లివర్ పడినట్టే కనబడుతుంది. మా దాంట్లో కుడివైపు పిన్ను మొన అరిగి ఉంటే లేత్ తాత కొత్తది చేసిచ్చాడు, అది ఇంకా బిర్రుగానే ఉంది. బూటుకాలితో ఒక తన్ను తంతే గానీ దిగడం లేదు, గ్రీజు కొట్టి చూస్తున్నాను.