పదిహేడు క్వార్టెట్లు, ఒక సీలింగ్ ఫ్యాన్

మా మేనల్లుడు జర్మనీ నుంచి వస్తూ "ఏం తేవాలి మామయ్యా?" అని అడిగితే ఆరు సీడీలు చెప్పాను. వాడు చాక్లెట్లు కూడా తెచ్చాడు. అవి రెండు రోజుల్లో అయిపోయాయి. సీడీలు అవ్వడానికి ఎనిమిది నెలలు పట్టింది.

అవి మియెచిస్లావ్ వైన్‌బర్గ్ అనే సోవియట్ స్వరకర్త రాసిన స్ట్రింగ్ క్వార్టెట్లు. రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన వయోలా ఒకటి, ఇంకా పెద్దదైన సెల్లో ఒకటి కలిసి వాయించేవి. మొత్తం 17. బెల్జియం వాళ్ల క్వాతుయోర్ డానెల్ బృందం వాయించగా సీపీఓ అనే జర్మన్ కంపెనీ విడుదల చేసింది. వైన్‌బర్గ్ పేరు నాకు ప్రసిద్ధ రష్యన్ స్వరకర్త షోస్తకోవిచ్ వల్ల తెలిసింది. ఆయన తన పదో క్వార్టెట్‌ని వైన్‌బర్గ్‌కి అంకితమిచ్చాడు. 1964లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, వైన్‌బర్గ్ తొమ్మిది క్వార్టెట్లు రాసి తనను దాటేశాడని, అప్పటికి తనవి ఎనిమిదేనని, అందుకే పట్టుబట్టి పది పూర్తి చేశానని చెప్పుకున్నాడు. షోస్తకోవిచ్ పోటీపడ్డ మనిషిని నేను ఒక్కసారి కూడా వినలేదే అనిపించింది. చివరికి లెక్కలో గెలిచింది వైన్‌బర్గే. షోస్తకోవిచ్ 15 దగ్గర ఆగిపోయాడు.

మొదటి సీడీ పెట్టాను. అందులో 4, 16 పక్కపక్కన ఉన్నాయి. 1945లో రాసింది ఒకటి, 1981లో రాసింది ఇంకొకటి. నాలుగోది ఎలాగో గట్టెక్కింది గానీ పదహారోది మధ్యలోనే ఆపేశాను. పక్క గదిలోంచి మా ఆవిడ వచ్చి, "ఏవండీ, ఎవరైనా పోయారా?" అని అడిగింది.

తప్పు సంగీతానిది కాదు, నా చెవిది. చిన్నప్పుడు విజయవాడలో నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. గీతాలు దాటి వర్ణాల దాకా వచ్చి మానేశాను. అంత తక్కువ నేర్చుకున్నా ఏది మొదలెట్టినా చెవి ముందు షడ్జమాన్ని వెతుక్కుంటుంది. ఇక్కడ వెనకాల తంబూరా లేదు, కుదురుగా నిలబడే శ్రుతి లేదు. నలుగురూ నాలుగు దారుల్లో పోతుంటే ఎవరి వెంట పడాలో తెలియక అలసిపోయాను.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. వారానికి ఒకటే క్వార్టెట్. మొదటిసారి ఊరికే వినడం. రెండోసారి సెల్లో ఒక్కదాన్నే పట్టుకుని పోవడం. సెల్లో దొరికితే మిగతా మూడూ వాటంతట అవే సర్దుకుంటాయి. మూడోసారి వయోలా. నిజం చెప్పాలంటే వయోలా నాకు చాలాసార్లు దొరకలేదు. సీడీల వరుస వదిలేసి, 1 నుంచి 17 దాకా కాగితం మీద జాబితా రాసుకున్నాను.

రెండో చిక్కు ఫ్యాన్. నేను మొదలెట్టింది ఏప్రిల్‌లో. వైన్‌బర్గ్ చాలా చోట్ల వినీ వినపడనంత సన్నగా వాయించమంటాడు. ఫ్యాన్ వేస్తే ఆ చోట్లన్నీ గాలికి పోతాయి. ఆపితే నేను పోతాను. చివరికి రాత్రి పదకొండు తర్వాత, ఫ్యాన్ ఒకటో నంబర్‌లో పెట్టి, హెడ్‌ఫోన్‌తో వినడం అలవాటైంది. మెట్రోలో వినే ప్రయత్నం ఒక్కరోజే చేశాను.

ఈ వైన్‌బర్గ్ 1919లో పోలండ్‌లోని వార్సాలో పుట్టాడు. తండ్రి యూదు నాటకశాలలో సంగీతకారుడు. 1939లో జర్మన్లు వచ్చేసరికి చెల్లెలు ఎస్తేర్‌తో కలిసి తూర్పుకి కాలినడకన బయలుదేరాడు. బూట్లు కరిచి కాళ్లు నొప్పెడుతున్నాయని ఆ అమ్మాయి ఇంటికి వెనక్కి వెళ్లిపోయింది. ఆయన సోవియట్ సరిహద్దు దాటాడు. అమ్మ, నాన్న, చెల్లెలు ముగ్గురినీ నాజీలు చంపేశారు. సోవియట్ కాగితాల్లో ఆయన పేరు మొయిసెయ్ వైన్‌బర్గ్ అయింది. పాత రికార్డుల్లో ఒక పేరు, కొత్త వాటిలో ఇంకో పేరు ఉండటంతో వెతికేవాళ్లకి ఇప్పటికీ తిప్పలే.

5 దగ్గర నాకు మొదటిసారి హాయిగా అనిపించింది. 1945 నాటిది. అయిదు భాగాలకీ పేర్లున్నాయి: మెలోడియా, హ్యూమరెస్కా, స్కెర్ట్సో, ఇంప్రొవిజేషన్, సెరెనాటా. పేరుంటే పట్టుకోవడానికి కొమ్మ దొరికినట్టే. ఆరోదానికి ఆరు భాగాలు, వాటిలో కోపం ఎక్కువ. 1946లో రాశాడు. 1948లో సోవియట్ ప్రభుత్వం సంగీతకారుల మీద 'ఫార్మలిజం' (జనానికి అందని సంగీతం) అని ముద్ర వేసి తొక్కేసిన రోజుల్లో దీన్నీ వాయించకూడని వాటిలో చేర్చారు. ఆయన బతికుండగా ఇది వేదిక ఎక్కనే లేదు. ఆ తర్వాత పదకొండేళ్లు ఆయన క్వార్టెట్ జోలికి పోలేదు. మధ్యలో 1948 జనవరిలో మామగారు, ప్రసిద్ధ యూదు నటుడు మిఖోయెల్స్ హత్యకి గురయ్యాడు. 1953 ఫిబ్రవరిలో వైన్‌బర్గ్‌ని అరెస్టు చేశారు. విడిపించమని షోస్తకోవిచ్ స్టాలిన్ మంత్రుల్లో ఒకడైన బేరియాకి ఉత్తరం రాశాడు. మార్చిలో స్టాలిన్ పోయాడు, ఏప్రిల్‌లో ఈయన బయటికొచ్చాడు.

నా జాబితాలో 6కీ 7కీ మధ్య ఉన్నది ఒక్క వారం. వింటే మాత్రం ఎడం తెలుస్తుంది. ఏడోది మొదలయ్యే తీరు ఎవరో గొంతు సవరించుకుని, మాట్లాడొచ్చా అని అడుగుతున్నట్టు ఉంటుంది.

ఇక 8. కొత్తవాళ్లెవరైనా ఎక్కడ మొదలెట్టాలని అడిగితే నేను చెప్పేది ఇదే. 1959లో బొరొదిన్ క్వార్టెట్ అనే మాస్కో బృందం కోసం రాశాడు. ఒకటే భాగం, పావుగంట. నలుగురూ కలిసి నెమ్మదిగా, బరువుగా మొదలుపెడతారు. కాసేపటికి పెళ్లి ఊరేగింపు దూరం నుంచి వస్తున్నట్టు ఒక నాట్యపు వరస దూరుతుంది. అది పెరిగి పెరిగి గొంతు చించుకునే దాకా పోయి, మళ్లీ మొదటి నెమ్మదిలోకి వచ్చి ఆరిపోతుంది. యూదు సంగీతంలో తరచు వినిపించే ఒక స్వరస్థానాల వరుస సరిగ్గా మన వకుళాభరణ రాగమే. శుద్ధ రిషభం, దాని తర్వాత అంత దూరాన అంతర గాంధారం. ఎనిమిదోది ఆ రాగంలో ఉందని అనడం లేదు. ఆ వాసన తగిలేసరికి నా చెవికి మాత్రం బంధువు ఇంటికొచ్చినట్టయింది. ఆ వారం మూడుసార్లతో ఆగలేదు, తొమ్మిదో పదో అయ్యాయి. రుమేనియా వాళ్ల ఆర్కేడియా క్వార్టెట్ వాయించింది కూడా విన్నాను. వాళ్ల నాదం గుండ్రంగా, ముద్దుగా ఉంటుంది. డానెల్ వాళ్లది గరుకు. నాకు గరుకే నచ్చింది.

ఆ ఊపు 12 దాకా నిలవలేదు. పన్నెండోది నన్ను కొట్టిపారేసింది. మూడు వారాలు కూర్చున్నా లోపలికి రానివ్వలేదు. గొప్పదే అయి ఉండొచ్చు, నాకు మాత్రం అందలేదు. మరో ఏడేళ్ల ఎడం తర్వాత, షోస్తకోవిచ్ పోయాక, 1977లో 13 వస్తుంది. ఇక్కడి నుంచి పొదుపు మొదలవుతుంది. పదిహేనోదానికి తొమ్మిది భాగాలున్నా ఒక్కదానికీ పేరు లేదు, నెమ్మదిగానో వేగంగానో వాయించమనే మాట కూడా లేదు. నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే మెట్రోనోమ్ అంకెలు మాత్రమే. అయిదోదానిలో ఉన్న కొమ్మలన్నీ కొట్టేశాడు.

16కి డిసెంబర్‌లో చేరాను. ఏప్రిల్‌లో ఆపేసింది ఇదే. అప్పటికి అంకితం చూడలేదు. చెల్లెలు ఎస్తేర్ జ్ఞాపకానికి ఇచ్చాడు. బతికి ఉంటే ఆ అమ్మాయికి ఆ ఏడు అరవై నిండేవి. ఏడిపించాలనే ప్రయత్నం ఎక్కడా ఉండదు. అయినా మూడో భాగంలో, అంత నెమ్మదిలో, నాకు ఆ బూట్లే గుర్తొచ్చాయి. ఆ రాత్రి ఫ్యాన్ అవసరం లేదు, చలికాలం. మా ఆవిడ పక్కనే కూర్చుని చివరిదాకా వింది, ఈసారి ఏమీ అడగలేదు.

17 మాటేమిటంటే, బొరొదిన్ వాళ్ల నలభయ్యేళ్ల పండక్కి రాసింది. తేలిగ్గా, వెలుతురుగా ఉంది. విన్నాను, బాగుంది.

అన్నీ అయిపోయాయనుకుని సీడీ పుస్తకాలు తీరిగ్గా చదువుతుంటే ఒకటి బయటపడింది. మొదటి క్వార్టెట్ 1937లో, వార్సాలో, పదిహేడేళ్ల కుర్రవాడు రాసినదని నేను ఏప్రిల్‌లో ఎంతో ముచ్చటపడి విన్నాను. ఈ వయసులో ఇంత చెయ్యి తిరిగిందా అనుకున్నాను. చూస్తే, నేను విన్నది 1985లో ఆయనే మళ్లీ తిరగరాసిన రూపం. ఓపస్ నంబరే, అంటే ఆయన రచనల వరుస సంఖ్యే, 2/141 అని ఉంది, నాకు పట్టలేదు. తిరిగిన ఆ చెయ్యి అరవై దాటిన మనిషిది.

పెన్ను తీసుకుని జాబితాలో 1ని కొట్టేసి, 16కీ 17కీ మధ్య రాశాను. రెండోదాన్నీ ముసలితనంలో సవరించాడట. అది 1939–40లో, ఇంటి కబురేమీ తెలియని రోజుల్లో, అమ్మకీ చెల్లెలికీ అంకితమిచ్చినది. దాన్ని మాత్రం ఎక్కడ పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.