లేదు అనే మాట

మొన్న రాత్రి కొత్తగా చేరిన కుర్రాడి మీద కేకలేశాను. పరిశీలన పుస్తకంలో పదకొండు నుంచి రెండింటి దాకా, పావుగంటకోసారి, "అరోరా లేదు" అని వరసగా రాసి పెట్టాడు. అరోరా అంటే ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు. ఆ మూడు గంటలూ ఆకాశం నిండా మబ్బు. "లేదని నీకెవరు చెప్పారు?" అన్నాను. అనేశాక తెలిసింది, ఆ మాట నాది కాదని. 29 ఏళ్ల కిందట ఇలాంటి గుడిసెలోనే నన్నడిగిన ప్రశ్న అది.

అప్పటికి నేను అలాస్కాలోని ఫెయిర్‌బాంక్స్ వచ్చి ఆరు వారాలు. విశాఖలో అయనోస్ఫియర్ (విద్యుదావేశం ఉన్న పై వాతావరణ పొర) మీద పీహెచ్‌డీ చేసి వచ్చాను కాబట్టి ఆకాశం గురించి నాకొకరు చెప్పక్కర్లేదని గట్టి నమ్మకం. మా పెద్దాయన (పేరెందుకులెండి) పుస్తకం తీసి, నేను రాసిన "లేదు" మీద ఒక్క గీత గీశారు. పక్కన "మబ్బు. చూడలేదు" అని రాసి, తేదీ వేసి, పొడి అక్షరాలు పెట్టారు. రబ్బరుతో చెరపబోతే చెయ్యి పట్టుకున్నారు. తప్పు కూడా చదవడానికి వీలుగా ఉండాలట. ఇదంతా నలుగురి ముందు.

విశాఖలో మా గురువుగారైతే ఇలా చేసేవారు కాదు. తప్పు పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి, "ఇంటికెళ్లి ఓసారి చూసుకో నాయనా" అనేవారు. మర్నాటికి నేను దిద్దుకుంటే చుక్క ఆయన చెరిపేసేవారు. మూడో కంటికి తెలిసేది కాదు. పని నేర్పడానికి పరువు తియ్యాలా అని వారం రోజులు ఉడికిపోయాను. కనపడలేదు కాబట్టి లేదు, ఇందులో ఇంత రాద్ధాంతమేమిటి?

రాద్ధాంతం ఉంది. ఆ ఆకుపచ్చ వెలుగు పుట్టేది నేలకి 100 కిలోమీటర్ల పైన. మామూలు మబ్బులన్నీ పదీ పదిహేను కిలోమీటర్ల లోపే. పైన పెళ్లి ఊరేగింపు వెళ్తున్నా మబ్బు కింద ఉన్నవాడికి తెలీదు.

అరోరా శాస్త్రవేత్త అకసోఫు కథ నాకు తర్వాత తెలిసింది. జపాన్‌లో చదువుకుంటూ భూభౌతిక శాస్త్రవేత్త సిడ్నీ చాప్‌మన్‌కి ఉత్తరం రాసి, ఆయన రమ్మంటే 1958లో అలాస్కా వచ్చి, ఇక్కడే స్థిరపడిపోయినాయన. అప్పట్లో అందరూ అనుకున్నదేమిటంటే, అరోరా ఒకే తీరుగా నిలిచి ఉంటుంది, దాని కింద భూమి తిరుగుతుంటే మనకి రకరకాలుగా కనిపిస్తుంది అని. అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో (1957-58లో చాలా దేశాలు కలిసి భూమిని పరిశీలించిన కాలం) సైబీరియా, అలాస్కా, కెనడాల్లో ఆకాశం మొత్తాన్నీ నిమిషానికో ఫోటో చొప్పున తీసిన ఫిల్ములున్నాయి. ఆయన వాటిని ముందేసుకుని, ఒకే నిమిషంలో ఎక్కడ ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూశారు. నిశ్శబ్దంగా ఉన్న చాపం (విల్లులా వంగిన వెలుగు) అర్ధరాత్రి వైపున ఒక్కసారిగా వెలిగి, ఉత్తరానికి ఎగబాకి, పడమరకి అలలా పరిగెత్తి, రెండు మూడు గంటల్లో సద్దుమణుగుతుంది. దానికి సబ్‌స్టార్మ్ అని పేరు. ఆ వ్యాసం 1964లో వచ్చింది. మొదట్లో చాలామంది ఒప్పుకోలేదు. 1981లో ఎగిరిన డైనమిక్స్ ఎక్స్‌ప్లోరర్ ఉపగ్రహం పైనుంచి అరోరా వలయం మొత్తాన్నీ చూపించే దాకా, ఆధారం ఎక్కువగా ఇలా కింది నుంచి ముక్కలు ముక్కలుగా పోగుచేసిందే. ఆ ముక్కల్లో ఎవడో ఒకడు మబ్బుని "లేదు" అని రాస్తే? అక్కడ తుఫాను రాలేదని లెక్క తేలిపోయేది.

బుర్రకి ఎక్కింది. మనసుకి ఎక్కలేదు. అసలు నేను పెరిగిన ఇంట్లో "లేదు" అన్న మాటే నిషేధం. బియ్యం లేవు అంటే అమ్మ ఊరుకునేది కాదు, "నిండుకున్నాయి" అనాలి. వెళ్తున్నా అనకూడదు, వెళ్లొస్తా అనాలి. అలాంటివాణ్ని తెచ్చి, రాత్రికి పాతికసార్లు ఏది లేదో, ఏది చూడలేదో విడదీసి రాయమంటే ఎలా?

2003 జనవరి. రాత్రి డ్యూటీ ముగించి ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే అన్నయ్య ఫోను. "నాన్నకి కాస్త నలతగా ఉందిరా. వీలుచూసుకుని బయల్దేరు. కంగారేం లేదు." సియాటిల్‌లో ఫోను చేస్తే "అలాగే ఉన్నారు" అన్నాడు. ముంబైలోనూ అదే మాట. సియాటిల్‌లో నాన్నకి ఉన్ని టోపీ కొన్నాను, చెవులు మూసేది, ముదురు నీలం. విశాఖలో ఆటో దిగి మా గుమ్మం ముందు విడిచిన చెప్పులు చూశాను. ఇరవై జతలకి తక్కువ ఉండవు. అప్పుడు తెలిసింది.

నాకు ఫోను చేసే సరికే ఆయన పోయి ఆరు గంటలైందట. "ఆ చలిదేశంలో ఒక్కడివీ, రెండు రోజుల ప్రయాణం, ఎలా చెప్పమంటావురా?" అన్నాడు అన్నయ్య. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఫోనులో చెప్పుంటే ఆ విమానాల్లో నేనేమైపోయేవాణ్నో! మావాళ్లు అబద్ధాలకోరులు కారు. ఇక్కడివాళ్లకి ఈ సంగతి చెబితే ముఖం అదోలా పెడతారు, నాకు ఒళ్లు మండుతుంది. అలాగని ఆ టోపీ గుర్తొచ్చినప్పుడల్లా అన్నయ్య మీద కోపం రాకుండానూ ఉండదు.

మూడు వారాలకి తిరిగొచ్చాను. మైనస్ 40 (సెల్సియస్సా ఫారెన్‌హీటా అని అడక్కండి, అక్కడ రెండూ ఒకటే). కారు స్టార్టవుతుందన్న ఆశ లేదు. తీరా చూస్తే ఇంజను హీటరు తీగ ఎవరో ప్లగ్గులో పెట్టి ఉంచారు. గుడిసెలో పుస్తకం తిరగేస్తే నా రాత్రులన్నిట్లో పెద్దాయన చేతిరాత. డెబ్బై దాటిన మనిషి నా బదులు కూర్చున్నారు. నాతో ఆ ఊసే ఎత్తలేదు. "మీ నాన్నగారు ఎప్పుడు?" అని మాత్రం అడిగారు. మధ్యాహ్నం మూడింటికి అన్నాను. తలూపి టీ పెట్టడానికి వెళ్లారు.

పుస్తకం మాది గ్రీనిచ్ సమయంలో ఉంటుంది. విశాఖలో మూడంటే 09:30, మాకు అర్ధరాత్రి దాటి అరగంట. పేజీలు వెనక్కి తిప్పాను. ఆ రాత్రి డ్యూటీ నాదే. 09:30 గడిలో, కొట్టివేతలేమీ లేకుండా, నా చేతిరాత: మబ్బు. చూడలేదు.