బైబరీలో కోచ్ ఎక్కడ ఆగాలి?

బైబరీ ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్ కౌంటీలో ఒక పల్లె. లండన్ ప్యాడింగ్టన్‌లో రైలెక్కితే గంటంబావుకి కాస్త అటూఇటూగా కెంబుల్ స్టేషన్ వస్తుంది. అక్కణ్ణుంచి సైరెన్‌సెస్టర్ చేరుకుని, బైబరీ మీదుగా పోయే పల్లె బస్సు పట్టుకోవాలి. బస్సులు తక్కువ. ఆదివారం అసలు ఉండవనే లెక్కలో ప్రయాణం పెట్టుకోండి. మనవాళ్లు ఎక్కువగా రెడింగ్, స్లౌ, స్విండన్ల నుంచి కార్లలోనో, లండన్ నుంచి ఒకరోజు కోచ్ (పెద్ద టూరిస్టు బస్సు) టూర్‌లోనో వస్తుంటారు. ఆర్లింగ్టన్ రో అనే పాత ఇళ్ల వరస ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. ఈసారి నేను చూడాలనుకున్నది ఆ ఇళ్ల ఎదురుగా ఉన్న రోడ్డుని.

ముందు ఇళ్ల సంగతి చెప్పేస్తాను. 1380 ప్రాంతంలో మఠంవాళ్లు ఉన్ని దాచుకోవడానికి కట్టిన కొట్టం అది. 17వ శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లుగా మారింది. ఇప్పుడు పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఆస్తి. లోపల మామూలు మనుషులు అద్దెకుంటారు, కాబట్టి కిటికీల్లోంచి తొంగిచూడకండి. ఎదురుగా ఉన్న తడి పచ్చిక పేరు రాక్ ఐల్. ఒకప్పుడు అక్కడ బట్ట ఆరేసేవారట.

ఇక రోడ్డు. సైరెన్‌సెస్టర్ నుంచి బర్‌ఫర్డ్ వెళ్లే బి4425 ఊరి నడిబొడ్డునుంచే పోతుంది. ఏటవాలుగా దిగి, స్వాన్ హోటల్ పక్కన కోల్న్ నది మీది పాత రాతి వంతెన దాటి, మలుపు తిరిగి నది ఒడ్డునే సాగుతుంది. ఒకవైపు నది, రెండోవైపు ఇళ్లు, గోడలు. వెడల్పు చేయడానికి చోటే లేదు. బ్రిటన్‌లో కోచ్ గరిష్ఠ వెడల్పు 2.55 మీటర్లు, రెండు ఇరుసుల కోచ్ పొడవు 13.5 మీటర్ల దాకా ఉండొచ్చు. రెండు కోచ్‌లు ఎదురెదురుగా వస్తే అద్దాలు కాకుండానే 5.1 మీటర్లు కావాలి. పక్కన ఒక కారు ఆగి ఉందంటే చాలు, ఇంకో రెండు మీటర్లు పోయినట్టే. అప్పుడు ఒక డ్రైవరు వెనక్కి తీయాలి. వెనక అప్పటికే నాలుగు కార్లు ఉంటాయి. ఫొటో కోసం రోడ్డు మధ్యకొచ్చి నిలబడ్డవాళ్లకు ఇదేమీ పట్టదు. బండి గడ్డి అంచు మీదికెక్కుతుంది, వానాకాలంలో ఆ అంచు బురదై, మట్టి కాలవలోకి జారి, మురుగు తూము పూడిపోతుంది. మర్నాడు నీళ్లు రోడ్డెక్కుతాయి.

ఇది ఎవరికి చెప్పుకోవాలి? ఊళ్లో పారిష్ కౌన్సిల్ ఉంది. 1894 చట్టంతో పుట్టిన వ్యవస్థ ఇది, ఇంగ్లండ్ పాలనలో అట్టడుగు మెట్టు. సభ్యులకు జీతం లేదు, జీతం ఉండేది క్లర్క్‌కే, అదీ చాలా ఊళ్లలో వారానికి కొన్ని గంటల పనికే. మన సర్పంచ్‌ని ఊరు నేరుగా ఎన్నుకుంటుంది. ఇక్కడ ఛైర్మన్‌ని సభ్యులే ఏటా ఎన్నుకుంటారు. చాలాచోట్ల పోటీ చేసేవాళ్లే దొరక్క, ఖాళీల్ని సభ్యులే పిలిచి నింపుకుంటారు. డబ్బు ‘ప్రిసెప్ట్’ రూపంలో వస్తుంది. అంటే ఇంటిపన్నులో పారిష్ వాటాని జిల్లా కౌన్సిల్ వసూలు చేసి ఇస్తుంది. ఆ డబ్బుతో బెంచీ వేయొచ్చు, బస్ షెల్టర్ కట్టొచ్చు, ఆటస్థలం చూసుకోవచ్చు, శ్మశానం నడపొచ్చు. రోడ్డు మీద పార్కింగ్ వద్దనే పసుపు గీత మాత్రం గీయలేదు. రోడ్డు, జిల్లాకు పైమెట్టైన కౌంటీ కౌన్సిల్‌ది. ఇళ్ల అనుమతులు, చెత్త జిల్లావి. కోపంగా వచ్చిన గ్రామస్థుడికి ముందుగా దొరికేది మాత్రం పారిష్ సభ్యుడే.

గీత పడాలంటే ఇదీ వరస. పారిష్ సమావేశంలో తీర్మానం చేయాలి. ఎజెండా కనీసం మూడు పూర్తి రోజుల ముందు బోర్డులో పెట్టాలి, ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు. తీర్మానం క్లర్క్ ద్వారా కౌంటీ రోడ్ల విభాగానికి వెళ్తుంది. స్థానిక కౌంటీ కౌన్సిలర్ వెన్నంటి ఉండకపోతే అక్కడే పడుంటుంది. ఇంజినీరు చూసి ఒప్పుకుంటే, 1984 రోడ్ ట్రాఫిక్ రెగ్యులేషన్ చట్టం కింద ఉత్తర్వు ముసాయిదా తయారవుతుంది. పోలీసుల్ని సంప్రదించాలి, పేపర్లో ప్రకటన వేయాలి, స్తంభాలకు నోటీసులు కట్టాలి, అభ్యంతరాలకు 21 రోజులు ఇవ్వాలి. అవి విన్నాక ఉత్తర్వు, ఆ తర్వాత పెయింటు. పెయింటు ఖర్చు స్వల్పం, కాగితాల ఖర్చే వేల పౌండ్లు. అందుకే కౌంటీలు చిన్న చిన్న కోరికలన్నీ పోగేసి ఒకే ఉత్తర్వులో తేల్చేస్తాయి, ఊరు ఎదురుచూస్తూ ఉంటుంది.

ఇంత చేసినా ఒక లొసుగు ఉంది. రెండు పసుపు గీతల మీద బండి పార్క్ చేయకూడదు గానీ, జనాన్ని దించడానికి, ఎక్కించుకోవడానికి ఆగొచ్చు. కోచ్ చేసే పని సరిగ్గా అదే! యాభై మంది దిగడానికి ఎంతసేపు పడుతుందో ఊహించుకోండి. ఆగడమే కుదరదనాలంటే క్లియర్‌వే ఉత్తర్వు కావాలి, దాని గుర్తు నీలి వృత్తంలో ఎర్రటి అడ్డగీతలు. కానీ నడివూళ్లో అది పెడితే ఇంటికొచ్చే సామాను బండీ ఆగలేదు. మధ్యేమార్గం ప్రయోగాత్మక ఉత్తర్వు: నోటీసు ఇచ్చిన ఏడు రోజులకే అమల్లోకి తేవచ్చు, గరిష్ఠంగా 18 నెలలు నడపొచ్చు, అభ్యంతరాలకు మొదటి ఆరు నెలలు. అమలు చేస్తూనే ఫలితం చూసుకోవచ్చు కాబట్టి ఇలాంటి ఊళ్లకు ఇదే సరైన పనిముట్టని నా అభిప్రాయం. 2025లో గ్లాస్టర్‌షైర్ కౌంటీ కౌన్సిల్ బైబరీ కోచ్‌ల విషయంలో ప్రయోగానికి దిగింది కూడా. అయితే కోచ్‌ని ఊళ్లోంచి తరిమేస్తే సరిపోదు, ఎక్కడ ఆగాలో చూపించాలి. చూపించకపోతే అది పక్క ఊరి గడ్డి మీద ఆగుతుంది.

కోపం ఎటు మళ్లుతుందో చెప్పలేం. 2017లో ఆర్లింగ్టన్ రో దగ్గర ఒక పెద్దాయన పార్క్ చేసుకునే పసుపు రంగు వాక్స్‌హాల్ కార్సాని ఎవరో పాడుచేశారు, ఫొటోలకు అడ్డొస్తోందన్న సణుగుడు అంతకుముందే ఉంది. ఆయనకు మద్దతుగా ఆ ఏప్రిల్లో వంద దాకా పసుపు కార్లు ఊరేగింపుగా ఈ రోడ్డు మీదే వచ్చాయి. ట్రాఫిక్ బాధితుడి కోసం ట్రాఫిక్ జామ్ అన్నమాట.

ఏ పల్లెలోనైనా రెండో ఫిర్యాదు వేగం. ఊళ్లలో మామూలు పరిమితి గంటకు 30 మైళ్లు, అంటే 48 కిలోమీటర్లు. పారిష్ ఫిర్యాదు చేస్తే కౌంటీ రోడ్డుకు అడ్డంగా రెండు రబ్బరు గొట్టాలు బిగించి వారం రోజులు లెక్క తీస్తుంది. చూసేది ‘85వ పర్సెంటైల్’: నూటికి 85 బండ్లు ఏ వేగాన్ని మించలేదో అది. గొట్టం పక్కనే కార్లు ఆపుకునే చోటుంటే అందరూ నెమ్మదిస్తారు, అంకె 31 అని వస్తుంది, ఫైలు మూసేస్తారు. అందుకే చోటు ఎంపికప్పుడు పారిష్ మనిషి దగ్గరుండాలి, సెలవుల వారం వద్దనాలి. ఇక వేగం చూపి మెరిసే బోర్డు రెండు మూడు వారాలు పనిచేస్తుంది, తర్వాత రోజూ వెళ్లేవాళ్లకు అలవాటైపోతుంది. కాబట్టి దాన్ని స్తంభం మార్చి స్తంభానికి తిప్పుతుండాలి, ప్రతి స్తంభానికీ కౌంటీ అనుమతి కావాలి, బ్యాటరీ మార్చే మనిషీ కావాలి. కమ్యూనిటీ స్పీడ్‌వాచ్‌లో పోలీసుల దగ్గర శిక్షణ పొందిన గ్రామస్థులు మెరుపు జాకెట్లు వేసుకుని నంబరు, రంగు, వేగం రాసుకుంటారు. పోలీసులు యజమానికి ఉత్తరం పంపుతారు, జరిమానా ఉండదు.

సదుపాయాల్లోనూ ఇదే తంతు. పారిష్ కొత్త చెత్తబుట్ట పెట్టిస్తే, దాన్ని ఖాళీ చేయడానికి జిల్లా కౌన్సిల్ ఏటా రుసుము అడగడం మామూలే. అందుకే సందర్శకుల ఊళ్లలో కూడా బుట్టలు తక్కువ కనిపిస్తాయి. విడిగా ఉండే పబ్లిక్ మరుగుదొడ్లకు 2021 చట్టంతో వ్యాపార పన్ను తీసేశారు, అది 2020 ఏప్రిల్ నుంచే వర్తించింది. నీళ్లు, శుభ్రం, మరమ్మతు ఖర్చులు మాత్రం నడిపేవాళ్లవే. పాత ఎర్ర టెలిఫోన్ డబ్బాల్ని టెలిఫోన్ కంపెనీ బీటీ ఒక్క పౌండుకే ఊళ్లకిచ్చే పథకం ఉంది. చాలాచోట్ల వాటిలో గుండె ఆగినప్పుడు వాడే డీఫిబ్రిలేటర్ పెట్టారు. పెట్టడం తేలికే, గుండె మీద అంటించే ప్యాడ్ల గడువు, బ్యాటరీ ఎవరో ఒకరు క్రమం తప్పకుండా చూసి రాసుకోవాలి.

వెళ్లేవాళ్లకు: మామూలు రోజు ఉదయం పదిలోపో, సాయంత్రం ఐదు తర్వాతో వెళ్లండి. చోటు దొరక్కపోతే గడ్డి అంచు మీద, ఇంటి గేటు ముందు ఆపకండి. సైరెన్‌సెస్టర్‌లో కారు పెట్టి బస్సులో రండి. రాక్ ఐల్‌లోకి దిగకండి. చెత్త మీ సంచీలోనే తీసుకెళ్లండి. ఇంజిన్ ఆపకుండా నిలబెట్టిన కోచ్‌లో మీరుంటే డ్రైవర్‌కి చెప్పండి, ఆపమన్నా ఆపకపోతే దానికి ఇంగ్లండ్‌లో 20 పౌండ్ల జరిమానా వేయొచ్చు.