గుడ్డకు ఎన్ని గడులు, సూదికి ఎన్ని పోగులు

శనివారం. వెలుతురు బాగున్నప్పుడే గుడ్డ సంగతి తేల్చేయాలని ఇంటూ ఆకారపు కుట్లతో బొమ్మ నింపే క్రాస్ స్టిచ్‌కు కొత్త చార్ట్ బల్ల మీద పరిచాను; అందులో ఒక గడికి ఒక కుట్టు. అడ్డం 180 గడులు, నిలువు 240. నీటి ఒడ్డున కొంగ, వెనక రెల్లు. కష్టమంతా కొంగ తలలోనే ఉంది. కంటికి నాలుగు గడులు, ముక్కు మొదట్లో రంగు మారేచోట ఆరేడు. గుడ్డ ఎంచుకోవలసింది ఈ పది పన్నెండు గడులను చూసే. మిగతా 43,000 పైచిలుకు గడులు ఏ గుడ్డ మీదైనా ఒదిగిపోతాయి.

సన్న గుడ్డ తీసుకుంటే బొమ్మలో వివరం పెరుగుతుందని చాలామంది నమ్మకం. పెరగదు. చార్ట్‌లో కంటికి నాలుగు గడులుంటే 14 కౌంట్ (అంగుళానికి 14 గడుల) గుడ్డ మీదా నాలుగే, 18 మీదా నాలుగే. బొమ్మ చిన్నదవుతుంది, గడులు దగ్గరికి జరుగుతాయి, మెట్లు మెట్లుగా ఉన్న అంచు చూపుకు నున్నగా తోస్తుంది, అంతే. గోడకు తగిలించి నాలుగడుగుల దూరం నుంచి చూసే బొమ్మకు 14 చాలు. చేతిలోకి తీసుకుని చూసే బొమ్మకు 18 అవసరం. వివరం నిజంగా పెరగాలంటే ఎక్కువ గడులున్న చార్ట్ కావాలి, లేదా ఒక్క గడిలో నాలుగు బుల్లి కుట్లు పట్టే గుడ్డ కావాలి.

కొలత లెక్క తేలికే. కౌంట్ అంటే అంగుళానికి ఎన్ని గడులో ఆ అంకె. గడులను కౌంట్‌తో భాగిస్తే అంగుళాలు వస్తాయి. ఈ కొంగ 14 మీద దాదాపు 12.9 అంగుళాలకు 17.1, 16 మీద 11.25కు 15, 18 మీద 10కి 13.3. ఫ్రేమ్ కట్టించడానికి నాలుగు వైపులా మూడేసి అంగుళాలు వదలాలి. అంటే 16 కౌంట్ గుడ్డ 17.25కు 21 అంగుళాల ముక్క కావాలి. ఈ మూడు అంగుళాల దగ్గర పొదుపు చేస్తే ఫ్రేమ్ కట్టేవాళ్లకు వెనక్కి మడిచి లాగడానికి పట్టు దొరకదు, బొమ్మ వంకరగా బిగుస్తుంది.

కోసేముందు స్కేలు పెట్టి నాలుగు అంగుళాల్లో ఎన్ని గడులున్నాయో పడుగు వైపు ఒకసారి, పేక వైపు ఒకసారి లెక్కపెట్టాలి. చీటీ మీద 14 అని ఉన్నా ఒక్కో గుడ్డ ఒకవైపు 14, ఇంకోవైపు 13.5 ఉంటుంది. పువ్వుల బొమ్మలో అది కనిపించదు. గుండ్రని చంద్రుడో, గడియారమో ఉంటే మాత్రం కోడిగుడ్డు ఆకారం వస్తుంది. లినెన్‌లో ఈ పరీక్ష ఇంకా అవసరం, దాని నేత పోగులు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటాయి.

ఐడా అనే రకం గుడ్డలో నేత పోగులు కట్టలుగా కలిసి గడులవుతాయి, గడి మూలల్లో రంధ్రాలు స్పష్టంగా కనిపిస్తాయి. లెక్క తప్పదు, గంజి ఉండడం వల్ల గుడ్డ బిగువుగా నిలుస్తుంది. ఇబ్బంది గడిలో కొంత భాగమే నింపే పావు కుట్టు, ముప్పావు కుట్టు దగ్గర వస్తుంది. గడి మధ్యలో రంధ్రం ఉండదు కాబట్టి మొన ఉన్న సూదితో కట్టను పొడవాలి, ఆ పొడిచిన చోటు ప్రతిసారీ ఒకేలా రాదు. ఈవెన్‌వీవ్ అనే రకం గుడ్డలో పోగులు విడివిడిగా ఉంటాయి, దాని కౌంట్ అంగుళానికి ఎన్ని పోగులో చెబుతుంది. 28 కౌంట్‌లో రెండేసి పోగుల మీద కుడితే 14 ఐడా కొలతే వస్తుంది, 32 అయితే 16, 36 అయితే 18. రెండు పోగుల నడుమ రంధ్రం ఎప్పుడూ ఉంటుంది, పావు కుట్టు దానంతట అదే కూర్చుంటుంది. చార్ట్‌లో ముక్కలు చేసిన గడులు ఇరవై ముప్ఫై దాటితే ఐడా వద్దనే చెబుతాను.

ఈ కొంగ తల వల్లే 32 కౌంట్ ఈవెన్‌వీవ్ వైపు మొగ్గాను. ఒళ్లంతా రెండు పోగుల మీద కుట్టి, తలను మాత్రం ఒక్కో పోగు మీద కుడితే కంటి నాలుగు గడులూ పదహారు అవుతాయి. తలను ఆ లెక్కన మళ్లీ గీసుకోవాలి, గళ్ల కాగితం మీద అరగంట పని. ఒక పోగు మీద కుట్టేటప్పుడు వరుసంతా ఇంటూలో ఒకవైపు గీత వేసుకుంటూ వెళ్లి, తిరుగు వరుసలో రెండోవైపు వేయడం పనికిరాదు. దారం నేత పోగు కిందికి జారి మాయమవుతుంది. ఏ కుట్టుకు ఆ కుట్టు పూర్తి చేసి ముందుకు వెళ్లాలి.

ఇక దారం. మామూలు ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి, ఒక లచ్చి 8 మీటర్లు. పోగు లావు మారదు, గడి మారుతుంది. 14లో గడి పక్క 1.8 మిల్లీమీటర్లు, 16లో 1.6, 18లో 1.4. అందుకే 11కు మూడు పోగులు, 14కూ 16కూ రెండు, 18కి రెండు లేదా ఒకటి, 25 కౌంట్ గుడ్డలో ఒక్కో నేత పోగు మీదైతే ఒకటి అని వాడుక. బొమ్మ అంచును గీతలా దిద్దే బ్యాక్‌స్టిచ్‌కు దాదాపు ఎప్పుడూ ఒకటే. ఇంత సన్నని పనిలో కంటి చుట్టూ నల్లదారం ఒక్క పోగైనా బరువుగా కనిపిస్తుంది, ముదురు గోధుమ లేదా బూడిద రంగు వాడితే చూపు బతుకుతుంది.

వాడుక అంకెలను అక్కడితో వదిలి, గుడ్డ అంచున పదికి పది గడుల నమూనాలు వేసి చూశాను. రెల్లు ముదురాకుపచ్చతో మూడు, కొంగ తెలుపుతో మూడు. ఒక పోగు ఆకుపచ్చ దూరానికి బూడిదగా మారింది, కుట్ల మూలల్లోంచి తెల్ల గుడ్డ తొంగిచూస్తుంది. రెండు పోగులు సరిగ్గా కప్పాయి. మూడు పోగులకు సూదిని బలంగా లాగాల్సి వస్తుంది, రంధ్రం సాగుతుంది, పక్క కుట్లు ఒకదాన్నొకటి నెట్టుకుని ఇంటూ ఆకారం పోతుంది. తెలుపులో ఒక పోగే చాలనిపిస్తుంది, ఎందుకంటే కింద గుడ్డా తెలుపే. అయినా ఒక బొమ్మలో ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండు వాడితే ఎత్తు తేడా వెలుతురులో పట్టిస్తుంది. ఆ తేడా కావాలనుకున్నచోటే వాడాలి: నీటికీ, మంచుకీ, దూరపు కొండకీ ఒక పోగు చక్కగా నప్పుతుంది.

రెండు పోగులు వాడినా కప్పడం లేదనిపిస్తే తప్పు చాలాసార్లు పోగుల సంఖ్యలో ఉండదు, మెలికలో ఉంటుంది. ఆరింటిలోంచి రెండింటిని జంటగా లాగితే చుట్టుకునే వస్తాయి. ఒక్కొక్కటిగా పైకి లాగి, సాఫు చేసి, పక్కపక్కన చేర్చాలి. మెలిపడిన జంట తాడులా గుండ్రంగా ఉంటుంది, సాఫు చేసిన జంట బల్లపరుపుగా పరుచుకుని ఎక్కువ చోటు కప్పుతుంది. నాలుగైదు కుట్లకోసారి సూదిని కిందికి వదిలేస్తే దారం తనంతట తనే తిరిగి మెలిక విప్పుకుంటుంది. దారం పొడవు 18 అంగుళాలు దాటనివ్వకూడదు. గుడ్డలోంచి పదేపదే దూరి నూగు లేస్తుంది, ముదురు రంగులో ఆ నూగు పక్క తెలుపు మీద మరకలా వాలుతుంది.

సూదికి అంకె పెరిగితే సన్నం: 14కు 24, 16కూ 18కీ 26, ఒక పోగు మీద కుట్టే తలకు 28. సూది గుడ్డ రంధ్రంలోంచి కాస్త రాసుకుంటూ వెళ్లాలి. ఊడిపోయేలా ఉంటే మరీ సన్నం, గుడ్డలో గుంట మిగిలిస్తే మరీ లావు.

చివరికి దారం ఎంత కొనాలో. ముదురాకుపచ్చ ఒక్కటే 3,100 గడులుంది. 16 లెక్కన ఒక కుట్టుకు ముందు రెండు కర్ణాలు, వెనక రెండు నిలువులు కలిపి 0.3 అంగుళం. 18 అంగుళాల ముక్కలో మొదలుకూ చివరకూ మూడు తీసేస్తే 50 కుట్లు. లచ్చికి అలాంటి ముక్కలు 17, ఒక్కోదానిలో మూడు జంటలు, మొత్తం 2,550 కుట్లు. గెంతులకూ కత్తిరింపులకూ ఐదో వంతు తగ్గిస్తే 2,000 పైమాట. రెండు లచ్చిలు చాలు, రెండూ ఒకేసారి, ఒకే రంగు విడతలోంచి తీసుకోవాలి. తర్వాత కొన్నది అదే నంబరైనా పక్కన పెడితే ఛాయ తేడా రావచ్చు, ఇంత వెడల్పాటి రెల్లుపొదలో ఆ గీత దాగదు. ముదురాకుపచ్చ పక్కనే తెల్ల కొంగ ఉంది కాబట్టి, ఆ దారం ముక్కను తడిపి తెల్ల గుడ్డ మీద అదిమి రంగు దిగుతుందో లేదో రేపు చూడాలి.