చిన్నారి ఛాతీ తట్టమని అడిగినప్పుడు

బ్రాంకియోలైటిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుతో ఎగశ్వాస తీస్తున్న నెలల బిడ్డను ఎత్తుకొచ్చి, ఛాతీ మీద తట్టి కఫం వదిలించమని ఫిజియోథెరపిస్టునైన నన్ను తల్లిదండ్రులు తరచూ అడుగుతుంటారు. కళ్లెదుట బిడ్డ అవస్థపడుతుంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయాలనిపించడం సహజమే. అయినా నేను ఆ పని చేయను, ఎందుకు చేయనో వారికి ఓపికగా చెబుతాను.

ఎక్కువగా ఆర్‌ఎస్‌వి అనే వైరస్ వల్ల వచ్చే ఈ జబ్బులో ఊపిరితిత్తుల్లోని అతి సన్నని గాలిగొట్టాల లోపలి పొర వాచిపోతుంది, రాలిన కణాలు జిగురుతో కలిసి ఆ ఇరుకు దారిని మరింత పూడ్చేస్తాయి. అడ్డుపడింది కఫం ఒక్కటే అయితే తట్టడం వల్ల ప్రయోజనం ఉండేదేమో గానీ, గొట్టం గోడలకు వచ్చిన వాపు పైనుంచి తడితే తగ్గేది కాదు.

ఫ్రాన్సులో ఏళ్ల తరబడి, బిడ్డ ఊపిరి వదిలే సమయంలో ఛాతీని, పొట్టను చేతులతో వేగంగా నొక్కే చికిత్స వాడుకలో ఉండేది. అక్కడి 7 ఆసుపత్రుల్లో చేరిన 496 మంది పసిపిల్లలపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ చికిత్స వల్ల పిల్లలు త్వరగా కోలుకున్నట్లు కనిపించలేదు. పైగా చికిత్స జరుగుతుండగా వాంతులు, ఊపిరి తాత్కాలికంగా అస్తవ్యస్తం కావడం ఎక్కువయ్యాయి. 2019లో ఆ దేశ ఆరోగ్య ప్రాధికార సంస్థ కూడా దానిని సిఫారసు చేయడం మానుకుంది. చాలా నెమ్మదిగా ఊపిరి వదిలించే పద్ధతుల వల్ల కొంత ఉపశమనం ఉండవచ్చని తర్వాతి సమీక్షలు చెబుతున్నా, ఆ ఆధారాలు ఇంకా బలహీనమైనవే. కండరాల బలహీనత వల్ల దగ్గలేని పిల్లల సంగతి వేరు. వారికి మా అవసరం నిజంగానే ఉంటుంది.

మిగిలిన పిల్లలకు నేను చెప్పేది చాలా చిన్న పని: పాలు పట్టే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేసి మెల్లగా శుభ్రం చేయడం, పాలను కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పట్టడం. జబ్బు సాధారణంగా 3 నుంచి 5 రోజుల మధ్య ముదిరి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది; దగ్గు మాత్రం 3 వారాల వరకు ఉండవచ్చు. అయితే బిడ్డ ఎప్పుడూ తాగే పాలలో సగమైనా తాగకపోయినా, డొక్కలు లోపలికి లాక్కుపోతున్నా, పెదవులు నీలంగా మారినా, మధ్యమధ్య ఊపిరి ఆగుతున్నా, నా గది ముందు కూర్చుని ఎదురుచూడకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.