మంచు తెగే చోటు

నవంబరు చివర్లో పాడేరు వెళ్తున్నానంటే అందరూ అడిగేది ఒక్కటే: "వంజంగికేనా?" మబ్బుల సముద్రాన్ని పైనుంచి చూపించే ఆ కొండ తప్ప, కెమెరా ఉన్నవాడికి ఆ ఏజెన్సీలో ఇంకోటి లేనట్టే. వంజంగికీ వెళ్లాను, ఆ సంగతి తర్వాత. ఈసారి నేను పెట్టుకున్న పని వేరు. మబ్బుల సముద్రాన్ని పైనుంచి తీసిన ఫొటోలు ఇప్పటికే కుప్పలుగా ఉన్నాయి. నాకు ఆ సముద్రం ఒడ్డు కావాలి. మంచు చెట్ల మధ్యకొచ్చి ఎక్కడ తెగుతుందో ఆ చోటు.

విశాఖ నుంచి చోడవరం, వడ్డాది, మాడుగుల మీదుగా పాడేరు వంద కిలోమీటర్ల పైచిలుకు. మాడుగుల హల్వా తిరుగు ప్రయాణంలోనే కొనాలి, వెళ్లేటప్పుడు కొంటే ఘాటు ఎక్కేలోపే పొట్లం ఖాళీ. మోదకొండమ్మ పాదాల దగ్గర మా డ్రైవరు ఆగి దండం పెట్టుకున్నాడు. నేనూ దిగి దండం పెట్టుకుని, గాలి ఎటు వీస్తోందో చూసుకున్నాను. ఆకు కదలడం లేదు. రెండు రోజుల క్రితమే అక్కడ జల్లు పడిందట. నేల తడిగా ఉండి, రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి లేకపోతే లోయలో మంచు పట్టడానికి ఇంకేమీ అక్కర్లేదు. కొండవాలు మీద చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి జారి లోయలో నిలబడిపోతుంది, అందులోని తేమ మంచవుతుంది. పైనున్న గాలి దానికంటే వెచ్చగా ఉండి మూతలా కప్పేస్తుంది కాబట్టి ఆ మంచు పైకి లేవదు. అందుకే దాని పైభాగం అంత చదునుగా, గీత గీసినట్టు ఉంటుంది. ఆ గీత ఏ ఎత్తున ఆగుతుందన్నదే నా ప్రశ్న.

దానికి జవాబు తెల్లవారుజామున వెతికితే దొరకదు. చీకట్లో, టార్చిలైటు వెలుగులో, చలికి చేతులు కొంకర్లు పోతుంటే ఎవరూ చోటు వెతకలేరు. ముందురోజు మధ్యాహ్నం వెతకాలి. పన్నెండు నుంచి మూడింటి దాకా వెలుగు ఫొటోకి పనికిరాదు కాబట్టి చాలామంది ఆ సమయంలో భోంచేసి పడుకుంటారు. నేను ఎక్కువగా నడిచేది అప్పుడే, కెమెరా గదిలో వదిలేసి. కెమెరా మెడలో ఉంటే కాళ్లు ఆగిపోతాయి, కనిపించిన ప్రతిదీ తియ్యాలనిపిస్తుంది.

జేబులో కావాల్సింది దిక్సూచి ఒక్కటే, ఫోన్లో ఉన్నది చాలు. నవంబరు చివరికి ఈ ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా తూర్పున పొడవడు, ఇరవై డిగ్రీలకు పైగా దక్షిణానికి జరిగి ఉంటాడు. డిసెంబరు 21 నాటికి ఆ తేడా ఇంచుమించు 25 డిగ్రీలు. జూన్‌లో అంతే ఉత్తరానికి పోతాడు. అంటే ఒకే గట్టు మీద నిలబడ్డా వేసవికీ చలికాలానికీ మధ్య పొద్దుపొడుపు యాభై డిగ్రీలు జరుగుతుంది. పోయినేడు మేలో చూసి ముచ్చటపడ్డ చోటు డిసెంబరులో మొహం చాటేయడానికి కారణం ఇదే.

రెండో లెక్కకి చెయ్యి చాలు. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. ఎదురుగా ఉన్న కొండ ఒక పిడికిలి ఎత్తుంటే, పంచాంగంలో రాసిన సూర్యోదయం తర్వాత ముప్పావు గంటకి గానీ ఎండ దాన్ని దాటి రాదు. రెండు పిడికిళ్లయితే గంటన్నర. ఆ రోజుల్లో పాడేరులో పొద్దుపొడుపు ఆరుంపావు ప్రాంతంలో. ఎండ కొండ దాటేసరికి ఏడు. ఎనిమిది దాటితే మంచు కదలడం మొదలెడుతుంది. కాబట్టి నాకు చిక్కేది ఆ గంటే.

అలా నడుస్తూ ఒక ఊరి చివర కాఫీ కళ్లం దగ్గర ఆగాను. కోత కాలం కదా, ఎర్రటి పళ్లు టార్పాలిన్ మీద పరిచి ఉన్నాయి. వాటిని కాలితో తిరగేస్తున్న కుర్రాణ్ని అడిగాను.

"తెల్లారి మంచు ఎక్కడిదాకా వస్తుంది తమ్ముడూ?"

అతను లోయవైపు చెయ్యి చూపించాడు. "అదిగో ఆ జీలుగు చెట్టు కనిపిస్తోందా సార్? దాని మొదలు ములిగిపోద్ది. తల మాత్రం అగుపిస్తాది. వానొచ్చి రెండ్రోజులే కదా, రేపు తల కూడా అగుపించకపోవచ్చు."

"ఎన్నింటికి విడిపోతుంది?"

"మా ఇంటి మీద ఎండ పడ్డాక అరగంట. అప్పుడు ఒకటేసారి లేచొచ్చేస్తాది, ఏటీ కనపడదు."

నాకు అంతకంటే ఏం కావాలి? తాటి జాతికి చెందిన ఆ జీలుగు చెట్టే కొలబద్ద అయిపోయింది. దాని తల కంటే నాలుగైదు మనుషుల ఎత్తు పైన, సిల్వర్ ఓక్ వరుసల పక్కన ఒక రాతి గట్టు చూసి పెట్టుకున్నాను. ఏజెన్సీ కాఫీ తోటలకు నీడ ఈ సిల్వర్ ఓక్ చెట్లదే, నిటారుగా, సన్నగా, మొదళ్లకు మిరియం తీగ చుట్టుకుని. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ రుచి గురించి అందరూ రాశారు. ఫొటో తీసేవాడికి మాత్రం ఆ చెట్ల నిలువు గీతలే వరం. మంచుకి ఒక్కటే గుణం, లోతు చూపించడం. దగ్గరి చెట్టు నల్లగా, దాని వెనకది బూడిదగా, ఆ వెనకది ఉందో లేదో అన్నట్టు. ఆ మెట్లు కనబడాలంటే నిలువు గీతలు ఒకదాని వెనక ఒకటి నిలబడాలి.

సామాను గురించి అడిగేవాళ్లు ఎప్పుడూ కెమెరా బాడీ గురించే అడుగుతారు. నాది పాతదే, మార్చాలని కూడా లేదు. ఈ ప్రయాణంలో నా మొదటి నిర్ణయం వైడ్ లెన్సుని గదిలో వదిలేయడం. వైడ్ లెన్సు కొండల్ని చిన్నబుచ్చుతుంది: కంటికి గోడలా నిలబడ్డ కొండ ఫొటోలో చీమల పుట్టంత అవుతుంది, సగం ఫ్రేము ఖాళీ ఆకాశం. 70-200 జూమ్ అయితే లోయలో నాకు కావాల్సిన ముక్కని మాత్రం కత్తిరించి ఇస్తుంది, వెనక వరుసల్ని దగ్గరికి లాగుతుంది. లెన్సు రంధ్రం ఎఫ్/8 లేదా ఎఫ్/11 (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది), సెన్సరు సున్నితత్వం ఐఎస్ఓ 100, అంతే. ఎఫ్/22 దాకా వెళ్తే ఇంకా స్పష్టంగా వస్తుందని నమ్మేవాళ్లున్నారు. అంత చిన్న రంధ్రం గుండా వెలుగు పరుచుకుని మొత్తం బొమ్మే మెత్తబడుతుంది.

ట్రైపాడ్ అల్యూమినియందే, బరువు. ఎక్కేటప్పుడు తిట్టుకుంటాను, దించాక మర్చిపోతాను. వీటన్నిటికంటే నాకు పనికొచ్చింది పాత ఉన్ని సాక్సు. దాని కొస కత్తిరించి, లోపల చేతులు కాచుకునే వేడి పొట్లం ఒకటి పెట్టి లెన్సు చుట్టూ తొడిగితే ముందు గాజు మీద మంచు పట్టదు. తుడిస్తే సరిపోదా అంటారు. తుడిచిన నిమిషానికే మళ్లీ పడుతుంది, పైగా గీతలు. తిరిగొచ్చాక వెచ్చని గదిలో బ్యాగు వెంటనే తెరవకూడదు. బయటే జిప్ కవర్లో మూసేసి గదిలోకి తెచ్చి, ఓ గంట అలా వదిలేస్తే చెమ్మ కవరు మీద పడుతుంది గానీ కెమెరా లోపల కాదు.

మర్నాడు చీకటుండగానే గట్టు ఎక్కి కూర్చున్నాను. జీలుగు తల కనిపించలేదు, కుర్రాడు చెప్పినట్టే. మంచు నా కాళ్లకు కొంచెం కింద ఆగింది. ఏడు కావస్తుండగా ఎదుటి కొండ అంచు వెలిగింది, తర్వాత సిల్వర్ ఓక్ కొసలు ఒక్కొక్కటీ. చెట్ల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా మంచు మీద పడింది. ఇక్కడ కెమెరాలో వెలుగు కొలిచే మీటరు మాట వింటే చెడతాం. కెమెరా దేన్ని చూసినా మధ్యస్థం బూడిదరంగు చెయ్యాలనుకుంటుంది కాబట్టి తెల్లటి మంచు మురికి నీళ్లలా వస్తుంది. వెలుగుని ముప్పావు స్టాపు నుంచి ఒక స్టాపు దాకా పెంచాలి (ఒక స్టాపంటే వెలుగు రెట్టింపు). ఎండ పడ్డ చోట తెలుపు పూర్తిగా కాలిపోకుండా, బొమ్మలో వెలుగునీడలు ఎంతెంతున్నాయో గీసి చూపించే హిస్టోగ్రామ్ చూసుకుంటూ ఉండాలి. రంగుల సంగతీ అంతే. ఆటో వైట్ బ్యాలెన్సు నీడలోని నీలాన్నీ ఎండలోని పసుపునీ రెండింటినీ సమానం చేసి, ఉదయాన్ని ఆఫీసు ట్యూబులైటు కింద పెట్టేస్తుంది. దాన్ని డేలైట్‌కి కట్టేసి, కెమెరా దిద్దని రా ఫైలు తీసుకోవడం మేలు.

సూర్యుణ్ని ఫ్రేములోకి రానివ్వలేదు. అందరి కళ్లూ అటే ఉంటాయి గానీ అసలు పని పక్కకు తిరిగితే ఉంటుంది. ఎండ పక్కనుంచి పడుతుంటే ప్రతి మానుకీ ఒక వెలుగు అంచు, ఒక చీకటి వైపు. తర్వాత మంచు నిజంగానే ఒక్కసారి లేచింది, నా చెయ్యి నాకు కనబడలేదు. సామాను సర్దేశాను.

వంజంగి సంగతి. శనివారం వెళ్లాను, అది తెలిసే. గుడారాలు, బ్యాంబూ చికెన్ కాదు, అసలు పేరు బొంగు చికెనేనని ఎవరితోనో వాదిస్తున్న ఒకాయన, నీళ్ల సీసాలు, బ్లూటూత్ స్పీకర్లు. అక్కడికొచ్చి జనాన్ని ఫ్రేములోంచి తప్పించాలని ప్రయత్నించడం నాకు అబద్ధంలా అనిపించింది. పక్క గుట్ట మీదికి పోయి, జూమ్‌తో కొండ అంచున ఫోన్లు పైకెత్తి వరసగా నిలబడ్డ ఆకారాల్ని తీశాను. ఆ కొండ అంటే ఇప్పుడు ఆ జనమే.

సాయంత్రాలు వలిసె చేలకి. నవంబరులో అరకు, పాడేరు చుట్టూ పూసే ఆ పసుపుకి ఒక చిక్కుంది. మామూలు హిస్టోగ్రామ్ బాగానే ఉందని చెప్తుంది, లోపల ఎరుపు చానల్ మాత్రం నిండిపోయి పూరేకులో గీతలన్నీ చచ్చిపోతాయి. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూసి, అరస్టాపు తగ్గించాల్సిందే. పైగా వలిసె కాడ పీచులాంటిది, చిన్నగాలికే ఊగుతుంది. సెకనులో 1/250 వంతు కంటే నెమ్మదిగా తీస్తే పూలకి బదులు పసుపు మరకలు వస్తాయి. ఎండలో కంటే మబ్బు నీడలో తీస్తేనే ఆ పసుపు లోతుగా ఉంటుంది.

రోడ్డు పక్క చేలల్లో ఫొటో దిగడానికి ఎంతో కొంత డబ్బు తీసుకుంటున్నారు. బేరమాడేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. అది నూనెగింజల పంట. తొక్కిన చోట గింజ రాదు. నేను లోపలి ఊళ్లో ఒకావిడని అడిగాను, "అమ్మా, గట్టు మీంచి తీసుకోవచ్చా?" అని. "గట్టు దిగకు బాబూ, తేనెటీగలున్నాయి," అంది. గట్టు పైనుంచే తీస్తే నిజానికి బొమ్మ బాగుంటుంది కూడా. చేలోకి దిగితే పసుపు అంతా కలిసిపోయి దుప్పటిలా కనిపిస్తుంది, పైనుంచి అయితే మడి మడికీ మధ్య గట్ల వంకర గీతలు బయటపడతాయి.

ఆ ఊరి పేరు గానీ, జీలుగు చెట్టున్న లోయ ఎక్కడో గానీ రాయడం లేదు. ఫొటోలకి లొకేషన్ కూడా పెట్టను. పిసినారితనం అనుకున్నా సరే. మధ్యాహ్నం నడిచేవాడికి ఇలాంటి గట్లు ఆ కొండల్లో ఎన్నో దొరుకుతాయి.

మళ్లీ వెళ్లేది చలికాలంలో కాదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తొలి జల్లులు పడ్డాక వారం పదిరోజులకి కాఫీ పూస్తుంది, తెల్లగా, మల్లెలంత వాసనతో. పూత మూడు నాలుగు రోజులకి మించి నిలవదు. అప్పటికి పొద్దు తూర్పు దాటి కాస్త ఉత్తరానికి జరిగి ఉంటుంది కాబట్టి, మధ్యాహ్నం దిక్సూచి పట్టుకుని చూస్తే, ఎండ ఆ కొండ అంచు మీంచి కాకుండా పక్కనున్న కనుమలోంచి నేరుగా తోట మీద పడాలి. అక్కడ కొండ ఎత్తు అర పిడికిలి కూడా లేదు. జల్లు పడ్డ రోజు ఫోన్ చేస్తానని కళ్లం దగ్గరి కుర్రాడు నా నంబరు రాసుకున్నాడు. పోలరైజర్ ఈసారి తప్పనిసరి. తడి కాఫీ ఆకుల మీది మెరుపు తగ్గిస్తే గానీ తెల్ల పూలు కంటికి ఆనవు.