ప్రేగో అంటే పేగు కాదు

అక్క కూతురు బొలోన్యాలో చదువుతోందన్న వంకతో ఇటలీ చూసొచ్చాను. 1088లో మొదలైందని చెప్పుకునే యూనివర్సిటీ, పక్కకి ఒరిగిపోయిన గరిసెండా గోపురం, వీధుల పొడుగునా వసారాలు. వసారాలన్నీ కలిపితే 62 కిలోమీటర్లట! వాటిలో కొన్నిటికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. ఎండా వానా తగలకుండా వాటి కింద ఎంత దూరమైనా నడవొచ్చు. నడిచినంతసేపూ చెవిన పడే మాట ఒకటుంది: ప్రేగో. తెలుగువాళ్లకి పేగులు గుర్తురాక మానవు.

ఎవరైనా థాంక్స్ చెబితే తిరిగి అనే మాట అని పుస్తకాల్లో రాస్తారు. అది దాని పనుల్లో ఒకటి మాత్రమే. మిగతావి తెలియాలంటే కాఫీ బార్‌లో గట్టు దగ్గర నిలబడాలి. అక్కడ కూర్చుంటే రేటు పెరుగుతుంది కాబట్టి ఎలాగూ అందరూ నిలబడే తాగుతారు. మిషన్ తుడుస్తున్న కుర్రాడు గడ్డం కాస్త ఎత్తి "ప్రేగో?" అన్నాడు. గొంతు చివర్లో పైకి లేచింది. ఏం కావాలి అని. "ఉన్ కఫ్ఫే" అన్నాను. అలా అంటే ఎస్ప్రెస్సోనే ఇస్తారు, రెండు గుక్కలు. ముందు సాసరూ చెంచా పెట్టి, ఆ తర్వాత కప్పు తెచ్చి దాని మీద ఉంచి "ప్రేగో" అన్నాడు. ఈసారి గొంతు దిగింది. తీసుకోండి అని. థాంక్స్ చెబుతూ "గ్రాత్సియే" అన్నాను. "ప్రేగో." పర్లేదండీ అని. కఫ్ఫే చల్లారేలోపే మూడూ అయిపోయాయి.

ప్రేగో పుట్టింది ప్రెగారే అనే క్రియ నుంచి. ప్రెగారే అంటే వేడుకోవడం, ప్రార్థించడం. చర్చిలో ఫాదర్ "ప్రెగ్యామో" అంటే ప్రార్థన చేద్దాం అని. ఐస్‌క్రీమ్ కొట్టు ముందు కాళ్లు నేలకేసి కొడుతున్న పిల్లాడు "తి ప్రేగో, మమ్మా, తి ప్రేగో" అంటే నీకు దణ్ణం పెడతా కొనిపెట్టు అని. దేవుడి దగ్గరా అమ్మ దగ్గరా ఒకటే క్రియ.

క్వాద్రిలాతెరో అనే పాత బజారు సందుల్లో పళ్ల బుట్ట మీద ఓ అట్టముక్క: "సి ప్రేగ ది నోన్ తొక్కారే". తొక్కారే అంటే తొక్కడం కాదు, ముట్టుకోవడం. నేనేమో టమాటా నొక్కి చూడనిదే కొనే రకం.

"పిన్నీ, చెయ్యి తియ్యి. ముట్టుకోవద్దని వేడుకుంటున్నారు."

"కొనేవాళ్లు చూసుకోవద్దూ?"

"వాళ్లే ఏరి ఇస్తారు. నువ్వు చెప్పు, చాలు."

మా వంతు రాగానే కొట్టామె "ప్రేగో, మి దీకా" అంది. మి దీకా అంటే అచ్చంగా 'నాకు చెప్పండి'. కోఠీలో బట్టల కొట్టువాడు "చెప్పండి మేడమ్" అన్నట్టే ఉంది. ఇక్కడ నాకో సంగతి తట్టింది. మనం రండి, కూర్చోండి, చెప్పండి, తీసుకోండి అని పనికో క్రియ వాడి చివర 'అండి' తగిలిస్తాం. వీళ్లు చాలాసార్లు పని పేరు వదిలేసి మర్యాద ఒక్కటే పలుకుతారు. తలుపు పట్టుకుంటే రండి, కుర్చీ చూపిస్తే కూర్చోండి. ఏ పనో చెయ్యి చెబుతుంది. అందుకే ఫోన్‌లో ఈ మాట విని అర్థం చేసుకోవడం నా వల్ల కాలేదు.

సాన్ లూకా కొండకి వెళ్లే బస్సు దగ్గర ఇద్దరు పెద్దాయనలు తలుపు ముందు ఆగిపోయారు. ఒకాయన చెయ్యి చాచి "ప్రేగో". రెండో ఆయన ఒక అడుగు వెనక్కేసి "నో నో, ప్రేగో". మళ్లీ మొదటాయన. వెనక మేమంతా నిలబడే ఉన్నాం. చివరికి డ్రైవర్ సీట్లోంచి మెడ చాచి "ప్రేగో, సిన్యోరీ!" అని ఒక్క అరుపు అరిచాడు. ఆ ప్రేగోలో మర్యాద పాలు బాగా తక్కువ. ఇద్దరూ ఒకేసారి ఎక్కబోయి భుజాలు ఢీకొట్టుకున్నారు.